మా చెల్లెలి ఆవ మడులను కోతకు ముందు దున్నించవద్దని

నూనెగింజల పరిశోధనా క్షేత్రం అధికారి గారి సముఖమునకు, సైకిళ్లు బాగుచేసుకుని బతికే ఒకరు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఆవ పైరు మడులకు కోత వరకు గడువు కోరుట గురించి.

1. తమ క్షేత్రమందు సహాయ పరిశోధకురాలిగా పనిచేసిన మా చెల్లెలు చలి మొదలవగానే మూడు మడులలో ఆవాలు విత్తించినది. ఒకటి ఒత్తుగా, ఒకటి మధ్యరకంగా, ఒకటి పలచగా. మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉంటే పైరు ఎలా ఎదుగుతుంది, ఏ మడి ఎక్కువ గింజ ఇస్తుంది అన్నది తేల్చుట ఆమె పని.

2. పైరు పూత మీద ఉండగా ఆమెకు కామెర్లు ముదిరి ఆసుపత్రిలో చేర్చడమైనది. మంచం మీద నుంచే నన్ను పొలానికి పంపేది. చూసి వచ్చి చెప్పేవాణ్ణి.

"పలచ మడిలో ఒక్కో మొక్కా గుబురుగా కొమ్మలేసిందమ్మా. ఒత్తు మడిలోవి సన్నగా, పొడుగ్గా ఉన్నాయి."

"ఎండ కోసం ఎగబడతాయి అన్నయ్యా. ఒక్క గదిలో పెరిగిన మనలాగే," అని నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది.

"అయితే పలచనిదే గెలిచినట్టేగా?"

"అప్పుడే ఏం చెప్తాం? అక్కడ ఒక్కో మొక్కకి కాయలెక్కువ పడతాయి. ఒత్తు మడిలో మొక్కలే ఎక్కువ. మడి మొత్తం కోసి తూస్తేగాని తేలదు."

3. తూచేదాకా ఆమె ఉండలేదు. కాయ కట్టే వేళకు పోయింది.

4. పరిశీలించువారు లేనందున సదరు మడులు దున్నించుటకు తమ కార్యాలయం నిర్ణయించినట్లు తెలియవచ్చినది. గుమస్తా గారిని అడగగా, "అమ్మాయే లేనప్పుడు ఇంకా ఆ మడులు ఎవరికోసం చెప్పండి?" అన్నారు. ఆయన మెత్తగానే అన్నారు. నేను సైకిలెక్కి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు చెప్తున్నాను, మా అమ్మ కోసం. కంచం ముందు కూర్చుని, "ఇంతకీ ఏ మడి గెలిచిందిరా?" అని అడుగుతోంది.

కావున కాయలు పండేవరకు గడువు ఇప్పించి, ఆమెతో పనిచేసినవారి ఎదుట మడులను విడివిడిగా కోసి తూచు ఏర్పాటు చేయవలసినదిగా ప్రార్థన. కోత నేనే కోస్తాను, కూలి అక్కర్లేదు. పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆమె అన్న

తా.క.: ఇది పట్టుకుని వస్తుంటే ట్రాక్టరు అప్పటికే గట్టు దగ్గరుంది. డ్రైవరును బతిమాలాను. ఆయన మడుల వంక చూసి ఇంజను ఆపేశాడు. "బండి మొరాయించిందని చెప్తాలే. నువ్వెళ్లి సంతకం తెచ్చుకో," అన్నాడు. బండికి ఏమీ కాలేదు సార్. ఆయన్నేమీ అనకండి. నేను మీ గది బయట బల్ల మీదే కూర్చున్నాను.