గేటు గడియ సరిగా లేదు

మార్చి 3, సోమవారం

మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనక షెడ్డు పైకప్పుని కర్రతో రెండుసార్లు పొడిచాడు. రాలిన పెచ్చుని జేబురుమాలులో చుట్టుకుని పట్టుకెళ్లాడు. సాక్ష్యమట. పదిహేనో తారీకు శనివారం సాయంత్రానికి షెడ్డు ఖాళీ చేయాలి. అందులో పందొమ్మిది కుక్కలున్నాయి. ముందు షెడ్డులో ఇంకొక పిల్లి తోక పెట్టడానికి కూడా చోటు లేదు.

డైరెక్టరమ్మ మీటింగ్ పెట్టింది. ఆవిడ ఈ జంతువుల షెల్టర్‌కి వచ్చి ఏడు నెలలైంది, మీటింగులు డెబ్బై అయ్యాయి. పందొమ్మిదింటికీ ఫాస్టర్ ఇళ్లు చూడాలి, ఇల్లు దొరకనివి మున్సిపాలిటీ పౌండ్‌కి, అదే బందెలదొడ్డికి పోతాయి అంది. పోతాయి అంటూ నా వంక చూసింది. ఫాస్టర్ కోఆర్డినేటర్‌ని నేనే కదా, తొమ్మిదేళ్లుగా. జీతం లేని పనికి ఇంత పొడుగు పేరు.

కొత్తగా చేరిన వాలంటీర్ ఒకావిడ ఫాస్టర్ అంటే ఏంటి సార్ అని అడిగింది. ఎప్పుడూ చెప్పే వాక్యమే చెప్పాను. కుక్క మనది, ఇల్లు వాళ్లది, శాశ్వతంగా పెంచుకునేవాళ్లు దొరికేదాకా. ఓహో, గెస్టన్నమాట అంది. అవును, చెప్పులు కొరికే గెస్ట్ అన్నాను. ఆవిడ రేపు రాదు.

మార్చి 4, మంగళవారం

నా కార్డుల పెట్టె మీద పడ్డారు.

ఇంటికో కార్డు. కుక్క కావాలని ఫారం వస్తుంది, నేను వెళ్లి ఇల్లు చూస్తాను. గోడ ఎత్తు, గేటు గడియ, ఇంట్లోవాళ్ల గొంతు స్థాయి. తిరిగొచ్చి కార్డు రాస్తాను. కుక్కని ఇవ్వకూడని ఇల్లయితే కార్డు కుడి మూల ఎర్ర చుక్క. ముప్పై అయిదేళ్లు ప్రూఫ్‌రీడర్‌గా బతికాను. నా చేతికి తెలిసిన రంగు అదొక్కటే.

ఇప్పుడు అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాలట. ఆ పని టైలరమ్మకి అప్పజెప్పారు. ఆవిడ మధ్యాహ్నం షాపు మూసి మూడు గంటలు ఇక్కడ పనిచేస్తుంది, నాకంటే ఒక్క ఏడాది జూనియర్. బట్ట కుట్టినట్టే టైప్ చేస్తుంది, తల ఎత్తదు, ఆగదు. సాయంత్రానికి లెక్క తేల్చింది. గురువుగారూ, నలభై ఒక్క ఎర్ర చుక్కలున్నాయి, ఊరి మీద తట్టు లేచినట్టుంది అంది.

కంప్యూటర్‌కి చుక్కలు తెలియవు అంకుల్, ప్రతిదానికీ కారణం రాసివ్వండి అంది డైరెక్టరమ్మ. నన్ను అంకుల్ అంటుంది. ఆవిడకి యాభై రెండు.

మార్చి 5, బుధవారం

కారణాలు రాస్తున్నాను.

కుక్కని గొలుసుతో కట్టేసి నాలుగు రోజులు ఊరెళ్లినవాడు. న్యాయమైన చుక్క. సోఫాకి నప్పలేదని మూడు కుక్కల్ని తిరిగిచ్చిన దంపతులు. న్యాయం. తాగి అర్జీ పెట్టినవాడు. న్యాయం, అర్జీలో మాత్రం ఒక్క అక్షరదోషం లేదు.

తర్వాతి కార్డు లెక్చరర్‌ది. నా దగ్గర పుస్తకం తీసుకుని రెండేళ్లకి ఇచ్చాడు, పేజీల మూలలు మడిచి. పేజీలు మడిచేవాడు చెవులు మడవడా? ఆ తర్వాతిది కవిగారిది. సభలో గంటా నలభై నిమిషాలు చదివాడు, నేను తలుపు పక్కనే కూర్చున్నా లేవనివ్వలేదు. తర్వాతిది మా పాత ఎడిటర్‌ది. ముప్పై అయిదేళ్లలో నన్ను పేరు పెట్టి పిలవలేదు, ఇదిగో అనేవాడు. ఆయన కుక్కని కూడా ఇదిగో అనే పిలుస్తాడు.

పదిహేడు కార్డులు ఇలాంటివే. కారణం ఉంది, రాసిచ్చేది కాదు.

మార్చి 6, గురువారం

ఆరు వెళ్లాయి. బస్సు డ్రైవర్ ఒక్కడే రెండు తీసుకెళ్లాడు. పదమూడు మిగిలాయి.

మార్చి 7, శుక్రవారం

జడ్జిని ఎవరూ అడగరు. పదమూడేళ్ల ముసలి కుక్క. చెవుడు. కిడ్నీలు సగం పోయాయి. రోజుకి రెండుపూటలా మందు వేయాలి, అదీ ముద్దలో దాచి, దాచినట్టు వాడికి తెలియకుండా. ఎవరొచ్చినా లేవడు. ముందు కాళ్ల మీద గడ్డం ఆనించి, వాదన విని విసిగినవాడిలా చూస్తాడు. ఆ పేరు నేనే పెట్టాను.

పౌండ్‌లో వారం గడువిస్తారు, ఆ తర్వాత సూది. ఇంత ముసలివాటికి ఆ వారం కూడా ఇవ్వరు, అక్కడివాళ్లు ఎంత మర్యాదగా మాట్లాడినా.

మార్చి 8, శనివారం

టైలరమ్మ ఒక కట్ట పట్టుకొచ్చింది. నాలుగు ఫారాలు, ఒకే మనిషివి, ఏడాదికొకటి. బయటికి చదివింది. నా ఎదురుగానే.

మొదటిది ఆరేళ్ల కిందటిది. ముసలి కుక్కైతే మంచిది, ఎవరూ తీసుకోనిదైనా పరవాలేదు. కింద నా రాత: గేటు గడియ సరిగా లేదు.

రెండోది. గడియ మార్పించాను, దయచేసి మళ్లీ చూడగలరు. నా రాత: గేటు కింద సందు ఉంది.

మూడోది. సందుకి రేకు కొట్టించాను. నా రాత: గోడ ఎత్తు చాలదు.

నాలుగోది. గోడ రెండు వరుసలు లేపించాను. గేటే కొత్తది వేయించాను. ఎప్పుడైనా రావచ్చు, నేను ఇంట్లోనే ఉంటాను. నా రాత: గేటు గడియ సరిగా లేదు.

ప్రూఫ్‌రీడర్‌ని. అదే మాట రెండోసారి పడింది, చూసుకోలేదు.

పాపం ఎవరండీ ఈయన, మన కుక్క కోసం కోట కట్టేశాడు అంది టైలరమ్మ. ఫారం తిప్పి పేరు చూసి, ఇంటిపేరు మీదేనండీ, చుట్టాలా అంది. ఆ ఇంటిపేరువాళ్లు ఊళ్లో వీధికొకరున్నారు అన్నాను.

తమ్ముడు. ఒక్కడే.

మార్చి 9, ఆదివారం

ఒకసారి రాసేస్తే పోతుంది.

అమ్మ పోయేటప్పటికి ఆవిడ కుక్కకి పద్నాలుగేళ్లు. అమ్మ తమ్ముడింట్లోనే ఉండేది కాబట్టి కుక్కా అక్కడే ఉంది. అమ్మ పోయిన మూడో వారం వాడు డాక్టర్‌ని ఇంటికి పిలిచి దానికి సూది వేయించాడు. అమ్మ చేతి ముద్ద తిన్న ఆఖరి ప్రాణి. నన్ను అడగలేదు. సాయంత్రం మరదలు ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నుంచి వాడితో మాట లేదు. ఏడేళ్లు. సొంత తల్లి కుక్కని నిలబెట్టుకోలేనివాడు మా షెల్టర్‌కి ఫారం పెడతాడా?

మళ్లీ చదివాను. బాగానే వచ్చింది. ఎవరైనా నమ్ముతారు.

మార్చి 10, సోమవారం

అయిదు మిగిలాయి.

మార్చి 11, మంగళవారం. మధ్యాహ్నం

టైలరమ్మ కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే భయపడాలి.

గురువుగారూ, ఆ రెండో ఫారం మీద ఇల్లు చూసిన తేదీ వేశారు కదా, ఆ రోజు మీకు కంటి ఆపరేషన్ అంది. ఆస్పత్రికి తోడొచ్చింది నేనే అంది. కంటికి పట్టీతో, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగిన మనిషి, ఊరికి ఆ చివరకెళ్లి గేటు కింద సందు ఎలా చూశారండీ అంది.

నవ్వుతూ అని ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. నవ్వలేదు.

నీ పని టైప్ చేయడం, దర్యాప్తు కాదు అన్నాను. నీ షాపులో కుట్లు ఊడిపోతున్నాయని వీధంతా చెప్పుకుంటున్నారు, అవి చూసుకో అన్నాను. నిజం కాదు. ఆవిడ కుట్టిన చొక్కానే వేసుకుని ఉన్నాను.

ఆవిడ లేచింది. కుట్లు ఊడితే మళ్లీ వేస్తానండీ, ఊడలేదని మాత్రం దబాయించను అంది. జడ్జికి ఇల్లు కావాలి, ఈయన ముసలి కుక్కే కావాలంటున్నాడు, డైరెక్టరమ్మకి నేను చెప్పను, మీరే చెప్తారు అని వెళ్లిపోయింది.

సాయంత్రం 5:40

చెప్పను. ఈ షెల్టర్‌లో మిగిలిన వాళ్లంతా శుద్ధులా? తన పేరు చెక్కిన పలక కోసం వచ్చిన ట్రస్టీ ఉన్నాడు. పిల్లితో ఫొటో దిగి పిల్లిని అక్కడే మర్చిపోయిన వాలంటీర్లున్నారు. వాళ్లనెవరూ తేదీలు అడగరు.

ఆ ఇంటికి నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. నాలుగు ఫారాలకీ. బల్ల దగ్గర కూర్చునే రాశాను.

మార్చి 12, బుధవారం

జడ్జి కోసం ఇరవై ఆరు ఫోన్లు. ఒకరు ఎంత వయసు అన్నారు. చెప్పాను. కుక్కది కాదండీ, మీది, గొంతు నీరసంగా ఉంది అన్నారు. మరొకరు పిల్లలకి చావు చూపించకూడదని సైకాలజిస్ట్ చెప్పాడన్నారు. లెక్చరర్‌కి కూడా చేశాను. ఎర్ర చుక్క లెక్చరర్‌కి. ఎన్నాళ్లకి గుర్తొచ్చానండీ అన్నాడు, సంతోషంగా. వాళ్లావిడకి ఆయాసమట, కుదరదట. ఆ పుస్తకం ఇంకో కాపీ కొని పంపాను, అందలేదా అన్నాడు. అందింది. అటక మీద ఉంది.

జడ్జి ఒక్కడే మిగిలాడు.

మార్చి 13, గురువారం

తొమ్మిదో తారీకున రాసింది తప్పు.

అమ్మ కుక్కకి సూది వేయించిన రోజు ఫోన్ మోగింది. తమ్ముడి నంబరు. నేను ఇంట్లోనే ఉన్నాను, కిటికీ పక్కన, చదువుతూ. ఏ పుస్తకమో గుర్తుంది. ఏ పేజీయో కూడా గుర్తుంది. పొద్దున్నే మరదలు చెప్పింది, కుక్క నీళ్లు కూడా మింగడం లేదు, లేవడం లేదు, డాక్టర్ వస్తాడు, మీ తమ్ముడు మీతో మాట్లాడి చేయిస్తానంటున్నారు అని. అందుకే చేస్తున్నాడని తెలుసు. సరే అనాల్సింది నేను. వెళ్లి దాని తల పట్టుకోవాల్సింది నేను. అమ్మ విషయంలోనూ ఆఖరి గంటకి వెళ్లలేకపోయాను. బస్సు దొరకలేదని చెప్పాను. బస్సులు తిరుగుతూనే ఉన్నాయి.

మూడుసార్లు మోగింది. ఫోన్ బోర్లా పెట్టాను. డాక్టర్‌ని రెండు గంటలు కూర్చోబెట్టాడట.

అడగలేదని అందరికీ చెప్పాను. ఏడేళ్లు చెప్పేసరికి నాకే నిజమైపోయింది.

మార్చి 14, శుక్రవారం

డైరెక్టరమ్మ గదికెళ్లి కాగితం ఇచ్చాను. ఇరవై నాలుగు పేర్లకి కారణాలు. పదిహేడు పేర్ల ఎదురుగా కారణం లేదు అని రాశాను. పదిహేడోవాడు నా తమ్ముడు, ఇల్లు చూడకుండానే చూశానని రాశాను అని నోటితో చెప్పాను.

మీటింగ్ పెట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడిచింది. అంకుల్, ఆయన మొదటి ఫారం పెట్టినప్పటి నుంచి పౌండ్‌కి పంపిన ముసలి కుక్కలెన్ని అని అడిగింది. తొమ్మిది అన్నాను. లెక్క నాకు వచ్చు. నల్లది, కుంటిది, ఇద్దరు అక్కచెల్లెళ్లు, వరసగా చెప్పడం మొదలుపెట్టాను. చాలు అంది.

సోమవారం నుంచి ఫాస్టర్ పని టైలరమ్మది. నన్ను రావద్దనలేదు. గిన్నెలు కడిగేవాళ్లు తక్కువగా ఉన్నారు అంకుల్, మీ ఇష్టం అంది.

తమ్ముడికి నా ముందే ఫోన్ చేసింది. రెండేళ్లుగా వాడు ఫారం పెట్టలేదు. కట్టడానికి ఇంకేం మిగిలిందని? కుక్క ముసలిదండీ, ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు అని ఆవిడ చెప్తుంటే, ఫర్లేదు, ఫర్లేదు అంటున్నట్టుంది. ఫోన్ పెట్టేశాక నా వంక చూడకుండా చెప్పింది. ఒక్కటే అడిగాడట. గేటు చూడడానికి ఎవరైనా వస్తారా అని.

మార్చి 15, శనివారం

బస్సు డ్రైవర్ తన కారులో జడ్జిని తీసుకెళ్లాడు. మందుల చీటీ నేనే రాశాను, అక్షరాలు పెద్దవి చేసి. తమ్ముడికి చిన్నప్పటి నుంచీ చూపు ఆనదు, అద్దాలు పెట్టుకోవడానికి నామోషీ.

ముందు సీటు ఖాళీయే, రండి పెద్దాయనా, గేటు మీరే చూద్దురుగాని అన్నాడు డ్రైవర్. ఏమీ తెలియక అన్నాడు. గిన్నెలున్నాయి అన్నాను.

జడ్జి వెనక అద్దంలోంచి చూశాడు. మామూలుగానే.

మార్చి 18, మంగళవారం

మూడో రోజు ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాలని రూలు. నేను పెట్టిందే. టైలరమ్మ కావాలనే స్పీకర్ పెట్టింది. ఏడేళ్ల తర్వాత గొంతు విన్నాను. నాన్న గొంతులా అయిపోయింది. తింటున్నాడండీ, మందు ముద్ద కనిపెట్టేశాడు, నేనేదో నేరం చేసినట్టు చూస్తున్నాడు అన్నాడు. టైలరమ్మ గట్టిగా నవ్వింది. ఆ పేరు ఎవరు పెట్టారండీ అని అడిగాడు. మా గిన్నెలు కడిగే ఆయన అంది.

కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాను.

ఏప్రిల్ 2, బుధవారం

జడ్జి నీళ్లు ఎక్కువ తాగుతున్నాడట. మిగిలిన సగం కిడ్నీలూ పోతున్నాయన్నమాట.

ఏప్రిల్ 9, బుధవారం. మధ్యాహ్నం 3:10

ఫోన్ మోగింది. నంబరు తెలుసు. ఆగిపోయింది. మళ్లీ మోగింది. మూడోసారి తీశాను. అన్నయ్యా అన్నాడు. జడ్జి నీళ్లు కూడా ముట్టడం లేదట. డాక్టర్ అయిదింటికి వస్తాడట. నేను వచ్చేదాకా ఆగమన్నాను.

4:35

ఎత్తైన గేటు. ఆకుపచ్చ రంగు. కింద వేలు దూరేంత సందు కూడా లేదు. గడియ ఎటు లాగాలో తెలియడం లేదు.