ఖాళీగా ఉన్న ఆరేళ్ళు

అమ్మాయీ,

నా కోడిగీతలకూ తప్పులకూ ఏమీ అనుకోకు.

ఇంట్లో ఒక్కడినే కూర్చోలేక ఉద్యోగాల ఆఫీసుకు వెళ్ళాను. మగ్గం పని వచ్చన్నాను.

"అది జాబితాలో లేదు పెద్దాయనా. ఈ ఆరేళ్ళూ ఏం చేశారు?" అన్నాడు గుమాస్తా.

ఖాళీగా ఉన్నానన్నాను. బయటికొస్తుంటే గోడ మీది జాబితాలో మంచాన పడ్డవాళ్ళను చూసుకునే పని కనబడింది. మీ అత్తయ్యకు నేను చేసింది అదే కదా. వెనక్కి వెళ్ళి చెప్పాను.

"బాగా చూశారని ఎవరు చెప్తారు?" అన్నాడు. మీ అత్తయ్య పేరే నోటిదాకా వచ్చింది.

ఆమెకు చివరిసారి నీళ్ళు పోస్తూ, వీపు మీద ఒక్క పుండు కూడా లేదు మామయ్యా అన్నావు. నువ్వు నర్సువి, నీ మాట నమ్ముతారు. ఆ ముక్క కాగితం మీద రాసి పంపు. సోమవారంలోపు ఇవ్వాలి. ఖాళీగా ఉన్నానన్నది మీ అత్తయ్య వింటే నొచ్చుకునేది. తొందరగా రాయి తల్లీ.

మీ మామయ్య