మల్లిని కొట్టకు

తమ్ముడు సాయిలును అన్న నర్సయ్య దీవించి రాస్తున్నాడు. నేను బాగానే ఉన్నాను. అమ్మకు దగ్గు తగ్గిందా? బాపును ఎండలో తిరగనివ్వకు. బొంబాయిలో వాన తెరిపి ఇవ్వడం లేదు. యుద్ధమని దీపాలకు నల్లకాగితం అంటిస్తున్నారు. మేడ పనిలో తట్టలు మోస్తున్నాను. జొన్నరొట్టె దొరుకుతోంది గానీ, మనసంతా అమ్మ చేసే పచ్చిపులుసు మీదే. నిజంగానే బాగున్నాను.

నీ ఉత్తరం చేరింది. మన వాడవాళ్లు ముట్టరాని బావి చేద మల్లి ముట్టిందనీ, అమావాస్యనాడు చావడి ముందు నీ బిడ్డను నీ చేత్తోనే కొట్టాలని పటేలు కబురు పెట్టాడనీ రాశావు. "నాలుగు దెబ్బలేస్తే ఒడిసిపోతది గదా అన్నా" అన్నావు. ఒడవదురా, అంతటితో తీరిపోదు. ఇక్కణ్నించి అమ్మకు చదివి వినిపించకు.

నువ్వప్పుడు పాలు తాగే పిల్లవాడివి. నేనూ ఆ చేదే ముట్టాను. పటేలు అరుగు దిగలేదు.

"నేను ముడితే మైలపడ్త. నీ కొడుకును నువ్వే కొట్టు. నెత్తురు కనవడాలె" అన్నాడు.

బాపు ఎడమచేత్తో నా మెడ వంచి పట్టుకుని చింతబరిగెతో కొట్టాడు. వీపు చిట్లింది. బరిగె విరిగితే పటేలు ఇంకోటి విసిరాడు. బాపు ఏడుస్తూనే కొట్టాడు.

మొన్న పనిలో మేస్త్రీ వెనక నుంచి వచ్చి మెడ మీద చెయ్యేశాడు. నల్లగొండ మనిషి, ప్రేమగానే వేశాడు. నాకు కళ్లు చీకట్లు కమ్మాయి. చేతిలో ఉన్న పారతో మొహం మీద కొట్టాను. పళ్లు ఊడిపడ్డాయి. కిందపడ్డా వదల్లేదు, మీదెక్కి గొంతు పిసికాను. అందరూ గుంజకపోతే చంపేసేవాణ్ని సాయిలూ.

మేస్త్రీ నెత్తురు ఉమ్మి, "నిన్నెవడు కొట్టిండ్రా గింతగనం?" అని అడిగాడు. పనిలోంచి తీసెయ్యలేదు. బాపు పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పెళ్లి వద్దంటున్నానని అమ్మ ఏడుస్తోందట. పక్కన పడుకున్న మనిషి నిద్రలో చెయ్యేస్తే నేనేం చేస్తానోనని భయం.

పటేలు గొంతు కొరకాలని ఇప్పటికీ ఉంది. ఊరు మనల్ని ముట్టకపోవడం పుట్టినప్పటి నుంచీ అలవాటే. కానీ ఆ రోజు తర్వాత బాపు కూడా నన్ను ముట్టలేదురా. జ్వరమొచ్చినా నుదుటి మీద చెయ్యి పెట్టలేదు.

మల్లి మీద చెయ్యెత్తకు. అమావాస్య రాకముందే పాల్మాకుల విడిచి, నాంపల్లిలో రైలెక్కి అందరూ వచ్చెయ్యండి. గుడిసె పోతే పోనీ. ఇక్కడ నేనున్నాను.

అమ్మకు, బాపుకు నా దండాలు. మరదలిని అడిగానని చెప్పు. రైల్లో మల్లిని బాపు ఒళ్లో కూర్చోబెట్టు. ఆయన వద్దంటాడు. అయినా కూర్చోబెట్టు.

నీ అన్న,
నర్సయ్య