రేవుకి ఆనుకున్న ఓడ

న్యూబోర్గ్,
5 సెప్టెంబరు 2019, గురువారం.

మిత్రుడు ప్రేబెన్‌కి, జలసంధికి ఇవతలి ఒడ్డు నుంచి ఐగిల్ నమస్కారాలతో రాసుకుంటున్న ఉత్తరం.

నువ్వూ బోదిలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మోకాలొక్కటే మాట వినడం లేదు. దాని గొడవ రాయడం మొదలుపెడితే పేజీ నిండుతుంది, నువ్వు విసుక్కుంటావు. అసలు ఈ ఉత్తరం విప్పుతావో లేదో. ఈ మూడేళ్ళలో ఏడుసార్లు ఫోన్ చేశాను. ఏడుసార్లూ బోదిలే తీసి, ఆయన తోటలో ఉన్నారు ఐగిల్, అంది. జనవరిలో మంచు మోకాలి లోతున పడిన రోజున కూడా నువ్వు తోటలోనే ఉన్నావు. పాపం, అబద్ధం ఆడటం చేతకాని మనిషి చేత అబద్ధాలు ఆడించాను. అదీ నా ఖాతాలోదే.

ముందు మన ఇటుకబొమ్మల క్లబ్బు కబుర్లు చెబుతాను, నీకు అక్కర్లేకపోయినా సరే. ఇప్పటికీ ప్రతి మంగళవారం సాయంత్రం పాత బడి నేలమాళిగలోనే కలుస్తున్నాం. కాఫీ అప్పటిలాగే కషాయంలా ఉంటుంది. పైన చక్కెర పాకం కారే బ్రున్స్‌విగర్ కేకు మాత్రం ఇప్పుడు కొత్త బేకరీ నుంచి వస్తోంది, పాకం పిసినారితనంగా పోస్తున్నాడు వాడు. స్టీన్‌కి చెవిలో మిషను పెట్టారు. అప్పట్నుంచీ మా బొమ్మల మోటార్లన్నీ రొద పెడుతున్నాయట. ఇన్నాళ్ళూ నీ గొంతు మేం విన్నాం కదరా, ఇప్పుడు మా మోటార్లు నువ్వు విను అన్నాను. గ్రేటె ఇంకా అధ్యక్షురాలే, ఇంకా బడిపంతులమ్మే. రంగు రంగు ప్లాస్టిక్ ఇటుకలన్నీ లెక్కపెట్టి డబ్బాల్లో సర్దుతుంది. ఓట్ల సంచిలో ఒక తెల్ల ఇటుక తక్కువైందని మూడేళ్ళుగా గొణుగుతూనే ఉంది. పోతే పోయిందమ్మా, ఇక్కడ తెల్లవి నాలుగు వేలున్నాయి కదా అంటే, లెక్క లెక్కే ఐగిల్ అంటుంది.

మన బంతుల గొలుసులో నీ చోటు అలాగే ఉంది. పది బల్లలు వరసగా పెట్టి, ఒక్కొక్కరం ఒక్కో యంత్రం కట్టి, ఎడమ పక్కవాడు పంపిన బంతులు అందుకుని కుడి పక్కవాడికి పంపుతాం కదా. ఎక్కడ ఆగినా గొలుసంతా ఆగినట్టే. నీ బల్ల ఉండాల్సిన చోట స్టీన్ ఒక వాలు గొట్టం పెట్టాడు. బంతి అందులో జర్రున జారి అవతలికి పోతుంది. మోటారు లేదు, ఒక్క పళ్ళచక్రం లేదు. నీ ఓడ ఉన్నన్నాళ్ళూ జనం మూగేది అక్కడే. ఇప్పుడు అక్కడ ఎవరూ ఆగరు.

ఆ ఓడ గురించే రాయాలి. రెండు పేజీల నుంచి చుట్టూ తిరుగుతున్నాను. పిరికివాడి ఉత్తరం ఇలాగే ఉంటుంది కాబోలు.

నువ్వు ఇరవై రెండేళ్ళు ఇంజను గదిలో పనిచేసిన ఫెర్రీ అది, కార్లని జలసంధి దాటించే ఓడ. జలసంధి మీద వంతెన రాగానే నిన్నూ దాన్నీ ఒకే రోజున ఇంటికి పంపేశారు. దాన్ని ఇటుకలతో మళ్ళీ కట్టడానికి మనకి రెండు చలికాలాలు పట్టింది. మీటరు పొడవు నీలం ఇటుకల నీళ్ళు, ఇటు న్యూబోర్గ్ రేవు, అటు కోర్సర్ రేవు. పన్నెండు బంతులెక్కించుకుని ఓడ మెల్లగా దాటుతుంది. అవతలి రేవులో తలుపు వాలి, బంతులు దిగిపోయాక వెనక్కి వస్తుంది. మొదటిసారి దాటిన రోజున నువ్వు నోటితోనే పెద్దగా ఓడ కూత పెట్టావు. గ్రేటె చేతిలో కాఫీ ఒలికింది.

తర్వాత వ్యాయామశాలలో 2016 అక్టోబరు ప్రదర్శన. శనివారం పొద్దున పది గంటలకి నీ పాత ఓడ నేస్తాలు ఆరుగురు, ఆనాటి టోపీలు పెట్టుకుని మరీ వచ్చి, నీ బల్ల ముందు బారుగా నిలబడ్డారు. ఓడ బయల్దేరింది. కోర్సర్ రేవుకి తగిలింది. మోటారు మూలిగింది, కాలిన వాసన వచ్చింది, కింది పట్టాలు ఊడి ఓడ పక్కకి ఒరిగింది. బంతులన్నీ వ్యాయామశాల నేలమీద దొర్లిపోయాయి. ఆరుగురిలో లావుపాటాయన, ఇరవై రెండేళ్ళు మునగని ఓడని ఇక్కడ నేలమీద ముంచావేంరా ప్రేబెన్, అన్నాడు. అందరూ నవ్వారు, నువ్వు కూడా నవ్వావు. అప్పుడు స్టీన్ ఓడలో పళ్ళచక్రాలుండే పెట్టె మూత తీసి, ఇరుసు మీద మెరుస్తున్న చుక్కని వేలితో చూపించి, జిగురు! అన్నాడు. నువ్వు నవ్వడం ఆపేశావు.

జిగురు లేదు, రంపం లేదు, రంగు లేదు. క్లబ్బు గోడమీద గ్రేటె రాసిపెట్టిన మాటలివి. బయటివాళ్ళకి ఇదో పిచ్చిలా ఉంటుంది. ముసలాళ్ళకి ఆటబొమ్మలేమిటి, వాటికి చట్టాలేమిట్రా అంటారు. మనకి మాత్రం జిగురు పూసినవాడు దొంగతో సమానం. నా చేతులతో జిగురు ముట్టుకోలేదు అన్నావు నువ్వు. ఓడ నీది, పెట్టె నీది, చెయ్యి మాత్రం దేవదూతదా? అన్నాడు స్టీన్. నువ్వు నా వైపు చూశావు. నేను నేలమీద బంతులు ఏరుకుంటున్నాను.

ప్రేబెన్, ఆ జిగురు చుక్క వేసింది నేను.

ముందురోజు మధ్యాహ్నం, బల్లలు సర్దుకునేటప్పుడు. నువ్వు గ్రేటెతో కలిసి కుర్చీలు మోయడానికి వెళ్ళావు. నేను ఊరికే ఓడని ఒకసారి నడిపాను. రేవుకి తగలగానే పెట్టెలోంచి టక్, టక్, టక్ అని చప్పుడు. ఇరుసు తిరగడం లేదు, చక్రం జారుతోంది. పళ్ళు అరిగిన చక్రం అనుకున్నాను. మనిద్దరం గీసుకున్న బొమ్మలో అక్కడ మామూలు చక్రమే కదా. ఇంకొకటి కూడా అనుకున్నాను, అదే అసలు తప్పు. ఆ వసంతం నుంచీ నీ చేతులు వణుకుతున్నాయి. కప్పు సాసరులో గలగలమనేది. అందరం చూసేవాళ్ళం, ఎవరం నోరెత్తేవాళ్ళం కాదు. చేతులు వణికి అరిగిన చక్రం బిగించుకున్నాడు పాపం, చెబితే చిన్నబుచ్చుకుంటాడు, రేపు నేస్తాలొస్తున్నారు, అనుకున్నాను. నలభై ఏళ్ళు వడ్రంగి పని చేసినవాణ్ణి. జేబులో జిగురు లేకుండా గడప దాటే అలవాటు లేదు. పంటిపుల్లతో ఒక్క చుక్క పెట్టి మూత వేశాను. ఆరనివ్వాలని మళ్ళీ నడిపి చూడలేదు. నువ్వు ఆ శుక్రవారం పొద్దున్నే అంతా సరిచూసుకున్నావు కనక నువ్వూ మళ్ళీ నడపలేదు.

సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం నువ్వు ఎవరితోనూ మాట్లాడకుండా కోటు వేసుకుని వెళ్ళిపోయావు. ఆదివారం అనుకున్నాను, సోమవారం అనుకున్నాను. మంగళవారం ఓటు డబ్బా తిరిగింది.

ఆ సాయంత్రం నీకు గుర్తుండే ఉంటుంది. గ్రేటె అందరికీ ఒక్కో తెల్ల ఇటుక, ఒక్కో నల్ల ఇటుక పంచింది. ఉండాలంటే తెల్లది, వెళ్ళాలంటే నల్లది. నీలం బిస్కెట్ల డబ్బా కన్నంలో ఒకటి వేసి, మిగిలింది ఎవరికీ కనిపించకుండా సంచిలో పడెయ్యాలి. తొమ్మిదిమందిమి వేశాం, నువ్వు వరండాలో నిలబడ్డావు. ఐదు నల్లవి, నాలుగు తెల్లవి. నువ్వు వాదించలేదు. ఓడని బీరువాలోనే వదిలేశావు. తలుపు దగ్గర నా ఒక్కడి చెయ్యే పట్టుకుని, నాలుగు తెల్లవి పడ్డాయి ఐగిల్, అందులో ఒకటి ఎవరిదో నాకు తెలుసు, అది చాలు నాకు, అన్నావు. నేను తల ఊపాను. ఆ వారమే ఇల్లు అమ్మకానికి పెట్టి, నువ్వు కోర్సర్ వెళ్ళిపోయావు.

ఇన్నాళ్ళూ ఎలా బతికావు అని అడుగుతావేమో. ఒక సాకుతో బతికాను. ఎలాగూ అరిగిన చక్రం, నా చుక్క ఉన్నా లేకున్నా ఆ ఓడ ఆగిపోయేదే అని. రోజూ పొద్దున ఆ మాట కాఫీలో కలుపుకుని తాగాను. పోయిన ఫిబ్రవరిలో బీరువా సర్దుతుంటే నీ ఓడ బయటపడింది. జిగురు కనిపించాక లోపల ఇంకేముందో ఆ రోజు ఎవరూ చూడలేదు కదా. నేను విప్పి చూశాను. అది అరిగిన చక్రం కాదు. కావాలని జారే చక్రం! బరువు ఎక్కువైతే మోటారు కాలకుండా, లోపల టక్ టక్‌మంటూ జారిపోయేది. కొత్తది, ఒక్క గీత పడలేదు. నువ్వు ఆ వారమే మార్చుకుని ఉంటావు. నేను వెక్కిరిస్తానని చెప్పి ఉండవు.

అయినా అక్కడ ఎందుకు పెట్టావో అర్థం కాలేదు. ఓడని మళ్ళీ మొదట్నుంచీ కట్టాను. మామూలు చక్రం పెడితే రేవుకి తగలగానే మోటారు మూలుగుతోంది. జారే చక్రం పెట్టి నడిపాను. ఓడ రేవుకి ఆనుకుంది, టక్ టక్‌మంటూ మెత్తగా తోస్తూనే ఉంది, పన్నెండు బంతులూ తాపీగా దిగాయి. అప్పుడు గుర్తొచ్చింది, నువ్వు ఎన్నిసార్లు చెప్పావో. రేవు చేరగానే ఇంజను ఆపేసేవాడు ఇంజనుమనిషే కాదురా, కార్లన్నీ దిగేదాకా ఓడని మెల్లగా రేవుకేసి తోస్తూనే ఉండాలి, లేకపోతే మధ్యలో సందు పడుతుంది, అనేవాడివి. చప్పుడు జబ్బు కాదు, ఇరవై రెండేళ్ళ నీ పని అది. నీ చేతులు వణికాయేమో గానీ నీ బుర్ర వణకలేదు. దాన్ని నేను జిగురుపెట్టి బిగించేశాను. ఆ బల్ల ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

అప్పటికీ ఆరునెలలు నాన్చాను. మొన్న మంగళవారం అందరి ముందూ చెప్పేశాను. స్టీన్ మొహం బీట్‌దుంపలా అయింది. మూడేళ్ళు నా పక్కనే కూర్చుని కేకులు మింగావు కదరా దౌర్భాగ్యుడా, ఆ ముసలాణ్ణి నా నోటితో దొంగని చేయించావు కదరా, అని అరిచాడు. అరిచి అరిచి చెవిమిషను తీసి బల్లమీద పెట్టేశాడు. నేనేం చెప్పుకుంటున్నా వినదల్చుకోలేదట. గ్రేటె మాత్రం ఈసారి డబ్బా వద్దు, చేతులెత్తండి అంది. తొమ్మిది చేతులూ లేచాయి. నిన్ను పిలవాలని. పిలిచే పని ఐగిల్ చేత చేయిద్దాం, అదే వాడికి శిక్ష, అన్నాడు స్టీన్.

అందుకని పిలుస్తున్నాను. అక్టోబరు పన్నెండు, శనివారం, అదే వ్యాయామశాల. ఆ గొట్టం తీసేశాం. ఓడ సిద్ధంగా ఉంది. చివరి బిగింపులు మాత్రం నేను చెయ్యలేదు, అవి నీవి. చేతులు సహకరించకపోతే నువ్వు చెప్పు, నేను బిగిస్తాను. ఈసారి అడిగి బిగిస్తాను. నీ నేస్తాలకి కూడా రాశాను. లావుపాటాయన పోయాడట, మిగతా ఐదుగురూ టోపీలతో వస్తామన్నారు.

క్షమించమని అడగడం లేదు. వస్తే చాలు. నాతో మాట్లాడకపోయినా సరే, ఓడ పక్కన నిలబడు.

బోదిల్‌కి నా నమస్కారాలు చెప్పు.

నీ పాత నేస్తం,
ఐగిల్

తా.క.: కవరు మూసి, స్టాంపు అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఆవిరికి పట్టి కవరు విప్పి రాస్తున్నాను. పైన రాసిందంతా నిజమే, కానీ క్లబ్బులో చెప్పిందాకానే రాశాను. జిగురు జాలితో వేశానని నువ్వు క్షమించవచ్చు. ఆ క్షమ మీద ఆశ పడే, మిగతాది మింగేసి డబ్బా దాకా నడిచాను.

నాలుగు తెల్లవాటిలో నాది లేదు. నువ్వు క్లబ్బులో ఉంటే ఏదో ఒక మంగళవారం ఆ పెట్టె విప్పుతావు, ఎవరి పనో పట్టేస్తావు. నువ్వు వెళ్ళిపోతే అడిగేవాడుండడు. డబ్బా నా ముందుకొచ్చిన అరనిమిషంలో ఇంతే ఆలోచించాను. నేను తెల్లది వేసి ఉంటే ఐదూ నాలుగూ తిరగబడేవి, నువ్వు ఈ ఒడ్డునే ఉండేవాడివి. ఇది చదివాక నువ్వు రాకపోయినా నీ తప్పు లేదు. మంగళవారం గ్రేటెకీ చెబుతాను.

ఆమె మూడేళ్ళుగా వెతుకుతున్న తెల్ల ఇటుక ఈ కవరులోనే పెట్టాను. సంచిలో పడెయ్యడానికి చెయ్యి రాక జేబులో వేసుకున్నాను. తలుపు దగ్గర నువ్వు నా కుడిచెయ్యి పట్టుకున్నప్పుడు, ఇది జేబులో నా ఎడమ చేతి పిడికిట్లో ఉంది.