బిడ్డ పేరు అడిగాను, చిన్నమ్మా

చిన్నమ్మా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. వేలూరు ఆసుపత్రిలో, మనసు చెదిరినవాళ్ళతో మాట్లాడడం నేర్పే చదువులో చేరాను. చిత్తూరు ఆంధ్రలోకి పోయినా, మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయినా, అటువైపు తెలుగువాళ్ళు వైద్యానికి ఇక్కడికే వస్తున్నారు. అందుకే పలమనేరు నుంచి వచ్చిన మునెమ్మను, నాకు తెలుగు వచ్చని ఈ ఉదయం నాకు అప్పగించారు. కూతురు చనిపోయిన నాటినుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడడం లేదు.

మా టీచరమ్మ వెనక కూర్చుని చూస్తూ ఉంది. పుస్తకంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగాను. మునెమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. మన గుడియాత్తంలో ఎదురింటి రాజమ్మ కొడుకు పోయినప్పుడు అందరూ ధైర్యం చెబుతుంటే, నువ్వు మగ్గం దిగి వెళ్ళి ఆమె పక్కన ఊరికే కూర్చున్నావు. ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి తలచుకున్నదానివి నువ్వొక్కదానివే.

నేనూ కాగితాలు పక్కన పెట్టి మునెమ్మ దగ్గరకు జరిగి కూర్చున్నాను. చాలాసేపటికి, "బిడ్డ పేరేందమ్మా?" అన్నాను.

"చెంగమ్మ," అంది. "నేను ఏడస్తానని ఇంట్లో ఎవురూ దాని పేరెత్తరమ్మా. నాకేమో ఆ పేరు ఇనాలని ఉండాది."

ఏడుస్తూనే గంటసేపు కూతురి ముచ్చట్లు చెప్పింది.

బయటికొచ్చాక టీచరమ్మ, "ఇది యాడ నేర్చుకున్నావు?" అని అడిగింది.

"మా చిన్నమ్మ దగ్గరమ్మా. నేతపని చేస్తాది. చదువు రాదు."

"ఒకరోజు ఆమెను క్లాసుకు పిలుచుకోని రా. మేమూ నేర్చుకోవాల."

నువ్వు ఇక లేవని చెప్పడానికి నాకు మనసు రాలేదు చిన్నమ్మా. "అట్లే పిలుచుకోనొస్తానమ్మా," అన్నాను.