ఎడమ పెడల్

నవంబర్ 2, ఆదివారం

సైకిళ్ల మీద లక్షెట్టిపేట దాకా వెళ్లొచ్చాం. పొద్దున్నే చలి, రోడ్డంతా మాదే. ఎంత హాయో!

పోయేటప్పుడు ఊరి ముందు దిగుడులో ఎడమ కాలు మళ్లీ జారింది. పెడల్ గిర్రున తిరిగి పిక్క మీద కొట్టింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి సన్నబడిన కాలు కదా, గంట తొక్కాక అది ఎక్కడుందో నాకే తెలియదు. పద్మక్క వెనక్కి తిరిగి చూసి, "గా కాలును పట్టుకునేటిది కావాలె నీకు" అంది. పద్మక్క నర్సు. ఏం చెప్పినా మందు రాసిచ్చినట్టే చెబుతుంది.

పదహారున ధర్మపురి. నలుగురం వెళ్దామన్నారు. సరే అనేశాను. అనేశాక భయం.

నవంబర్ 4

పద్మక్క తన పాత పెడళ్లు, బూట్లు ఇచ్చింది. బూటు అడుగున చిన్న ఇనుప ముక్క. పెడల్ మీద నొక్కితే టక్కున ఇరుక్కుంటుంది. మడమ బయటికి తిప్పితే ఊడుతుంది. దీన్ని క్లిప్‌లెస్ అంటారట. ఉన్నదే క్లిప్పు!

కాలు జారదు. అది మంచిదే. కానీ పడబోతే మడమ తిప్పాలి. నా ఎడమ మడమ తిరుగుతుందా?

నవంబర్ 5

మా ఆయన గనిలో ఫిట్టరు. మొదటి షిఫ్టుకు పోయాడు. వచ్చేలోగా నేనే బిగించి ఆశ్చర్యపరుద్దామనుకున్నా. కుడి పెడల్ సులువుగా వచ్చింది. ఎడమది రానంటే రానంది. పానా పట్టుకుని, గోడకు కాలు తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి తిప్పాను. చెమటలు పట్టాయి గానీ అది కదల్లేదు.

ఆయన వచ్చి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎడమది ఉల్టా తిరుగుతది సుజాతా. ఊడదీస్తున్న అనుకుంట బిగించినవ్."

నా బతుకులో ఎడమ వైపు ఏది సక్రమంగా తిరిగింది గనుక! నేనూ నవ్వాను. చాయ్ పొంగిపోయింది.

నవంబర్ 6

కాలనీ గ్రౌండులో నేర్చుకోవడం. ఆయన సీటు పట్టుకుని పక్కన పరుగు. "తిప్పు... మడమ తిప్పు... జర గట్టిగ!" కుడి కాలు వెంటనే ఊడుతోంది. ఎడమది పదిసార్లు అడిగితే ఒకసారి వింటోంది. ఆగేటప్పుడు కుడి కాలే దించుతున్నా. ఎప్పుడూ అంతే. ఎడమ కాలితో ముందుగా నేల తొక్కిన రోజు నాకు గుర్తు లేదు.

కానీ తొక్కుడు! రెండు కాళ్లూ ఒకటే పని చేస్తున్నాయి. గాలిలో ఉన్నట్టుంది.

నవంబర్ 8

పడ్డాను.

పోచమ్మ గుడి ముందు. ఆ దారిన ఎవరు పోయినా బండి నెమ్మది చేసి, ఓ చెయ్యి వదిలి, కళ్లకద్దుకుని పోతారు. పుట్టిన్నుంచీ అలవాటు, చెయ్యి దానంతట అదే లేస్తుంది. లేచింది. సైకిల్ ఎడమకు ఒరిగింది. మడమ తిప్పాను, తిరగలేదు. కాళ్లు రెండూ ఇరుక్కునే ఉన్నాయి. నిలువునా, మెల్లగా, సైకిల్‌తో సహా అమ్మవారి ముందు పక్కకు వాలిపోయాను.

కొబ్బరికాయలమ్మే ముసలమ్మ పరుగున వచ్చింది. "పొర్లు దండాల మొక్కున్నదా బిడ్డా? గుళ్లె పెట్టుకోవాలె గాని నడి రోడ్డు మీదనా?"

కింద పడే ఉండి నవ్వాను. ఇద్దరు ఆడవాళ్లు బూట్లు ఊడబీకి నన్ను బయటికి తీశారు. మోచెయ్యి గీరుకుపోయింది. సైకిల్‌కి ఏమీ కాలేదు.

నవంబర్ 9

అవ్వకు తెలిసిపోయింది. నా కన్నతల్లి, ఉండేది పక్క వీధే కదా. వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"కాలు కట్టేసుకొని తొక్కుడేందే? లారీ వస్తే ఎట్ల దుంకుతవ్?"

"జారితే గూడ పడుతనే గదా అవ్వా."

"అయితే తొక్కకు. గా కాలును చంకల ఎత్తుకొని బడికి మోసిన దాన్ని నేను. నాకు తెల్వదా?"

నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది నిజమే, అందుకే మరీ వచ్చింది. బడికి ఎత్తుకుని పోయింది, తీర్థానికి ఎత్తుకుని పోయింది. ధర్మపురికి మాత్రం నా కాళ్లతో నేనే పోవాలి. అవ్వకు ఆ మాట చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నా.

నవంబర్ 11

నా మామూలు పెడళ్లే మళ్లీ పెట్టించుకున్నా. బుద్ధిగా.

నవంబర్ 12

మామూలు పెడళ్లు, మళ్లీ జారడం. పిక్క మీద ఇంకో నల్ల మచ్చ. పట్టుకునేది వదలదు, వదిలేది పట్టుకోదు. ఏం చెయ్యాలి?

ఆయన క్లిప్ పెడల్ తిప్పి చూశాడు. పక్కన చిన్న మర. "గిది వదులు చేస్తే పట్టు తగ్గుతది. ఎడమ దానికే చేస్త. ఫికర్ చెయ్యకు." గ్రౌండులో చూశాం. పదిలో ఏడు సార్లు ఊడింది!

మిగతా మూడు? అవే నిద్ర పట్టనివ్వవు.

నవంబర్ 15

క్లిప్పులే. చెప్పేశాను. ఆయన చక్రాల్లో గాలి చూశాడు.

నవంబర్ 16, ఆదివారం

వెళ్లొచ్చాను!!

మంచులో బయలుదేరాం. లక్షెట్టిపేట దిగుడులో కాలు జారలేదు, అరిచాను గట్టిగా. రోడ్డు పక్కన పత్తి ఏరే ఆడవాళ్లు కూడా తిరిగి అరిచారు.

రాయపట్నం వంతెన మీద గోదారి కనబడగానే పద్మక్క ఆగింది. గంగలో రూపాయి వెయ్యకుండా ఎవరు దాటుతారు? ముగ్గురూ ఆగారు. నేనూ బ్రేకు నొక్కాను. కుడి కాలు దించబోయేసరికి వెనక నుంచి లారీ హారన్, కుడి పక్కనే. అటు ఒరిగే వీల్లేదు. మిగిలింది ఎడమ.

మడమ తిప్పాను. ఇంకా తిప్పాను. టక్!

ఎడమ కాలు వంతెన మీద ఆనింది. నా బరువంతా దాని మీదే. వణికింది, నిలబడింది. లారీ వెళ్లిపోయింది. నేను నిలబడే ఉన్నాను.

"ఏడుస్తున్నవానే?" పద్మక్క.

"లేదక్కా." ఏడుస్తూనే అన్నాను. గంగలో రూపాయి వేయడం మరిచిపోయాను.

నర్సింహస్వామి దర్శనం, పులిహోర, మళ్లీ అదే దారి. ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోను?

నవంబర్ 17

కాలు వాచింది. అవ్వ ఉప్పు కాపడం పెట్టడానికి వచ్చింది.

"ఏ కాలుతోని దిగినవ్?"

"ఎడమ."

నమ్మలేదు. "ఏదీ, తిప్పి సూపియ్యి." తిప్పాను. నోరు తెరిచి చూసింది, మళ్లీ తిప్పమంది. మూడోసారి కూడా.

పద్మక్క ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం జన్నారం రోడ్డు. అడవి, గతుకులు. మర వదులుగా ఉంటే కాలు పెడల్ నుంచి ఊడొస్తుందట. మర బిగించాలా, అలాగే ఉంచాలా అని ఆయన పానా పట్టుకుని అడుగుతున్నాడు. బిగిస్తే మడమ తిరుగుతుందో లేదో తెలియదు. అవ్వ వైపు చూశాను.

"నన్నేం జూస్తున్నవ్? కాలు నీది, నువ్వే చెప్పు" అంది.

అంది గానీ కాలు ఆమె ఒళ్లోనే ఉంది. రెండు చేతులా పట్టుకునే ఉంది.