ఎల్స్‌వేర్ అనే ఊరు

సౌభాగ్యవతి చెల్లాయికి అన్నయ్య దీవించి రాయునది.

ఓడ మునిగిన నెలకు కంపెనీవారు పంపిన జాబితాలో, బావగారి పేరుకెదురుగా ఉన్న 'ఎల్స్‌వేర్' ఏ ఊరని అడిగావు. నువ్వు దానికి టికెట్ అడిగితే బస్టాండు గుమస్తా, "ఆ ఊరికి మేమింకా బస్సు వెయ్యలేదమ్మా!" అని నవ్వాడట. అతని మీద కోపం పెట్టుకోకు.

అది ఊరు కాదమ్మా. 'ఎల్స్' అంటే వేరే, 'వేర్' అంటే చోట. మన 'వేరే'తో ఆ 'వేర్'కి చుట్టరికం లేదు. ఇంగ్లీషువారు వెయ్యేళ్ళకు పైగా ఈ రెండు మాటలనూ జతగా వాడుతున్నారు. చోటు పేరు తెలియనప్పుడో, చెప్పడం ఇష్టం లేనప్పుడో రాస్తారు. మేము కూర్చిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో దానికి 'మరొకచోట' అని అర్థం రాసింది నేనే. అప్పుడది సరిపోతుందనుకున్నాను.

కంపెనీకి ఫోన్ చేశాను. "ఆసుపత్రిలోనూ లేక, శవమూ దొరకనివాళ్ళందరికీ అదే రాశామండీ" అన్నారు. ఇంకో అర్థం ఉందేమోనని మూడు రోజులు వెతికాను. లేదు.

ఆయనకు తీసుకెళ్దామని నువ్వు సర్దిన బట్టలు తిరిగి బీరువాలో పెట్టు. ఆదివారం నేను వస్తాను.

పైన అలవాటుగా 'సౌభాగ్యవతి' అని రాశాను. ఆ మాట కొట్టెయ్యడానికీ నా దగ్గర ఆధారం లేదు, ఉంచడానికీ లేదు.

అన్నయ్య